గొట్టం తాతది... కర్ర మనవడిది!

మొక్కజొన్న కంకులతో గోడలు కట్టినట్టుండే ప్యాలెస్ ఆ ఊరి ప్రత్యేకత. దాన్ని చూడ్డానికి ఏటా లక్షల మంది వస్తారు. శీతాకాలం ముంగిట మాత్రం ఆ చుట్టుపక్కల ఇళ్లలో వేరే చర్చ నడుస్తుంది. తాతగారి వేట తుపాకీకి పగిలిన కర్ర మార్చాలా... మారిస్తే ఏ కర్ర వెయ్యాలి? అమెరికాలోని మిచెల్ పట్టణం ముచ్చట ఇది.

మినియాపొలిస్‌లోనో షికాగోలోనో ఉండే తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో కారేసుకుని మౌంట్ రష్‌మోర్‌కి బయల్దేరుతుంటాయి. కొండను తొలిచి చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాలు చూడాలని పిల్లల సరదా. ఇంటర్‌స్టేట్ 90 ఎక్కి సౌత్ డకోటా రాష్ట్రంలో అడుగుపెట్టాక ఇక గంటల తరబడి ఒకటే దృశ్యం. కుడిపక్క మొక్కజొన్న, ఎడమపక్క సోయాచిక్కుడు, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు. ‘ఇంకెంత దూరం నాన్నా’ అని వెనకసీట్లోంచి పిల్లలు నస మొదలెట్టే వేళకి సరిగ్గా వస్తుంది మిచెల్. సూఫాల్స్ నగరానికి పడమరగా 110 కిలోమీటర్లుంటుంది. జనాభా 15 వేల పైచిలుకు. మన లెక్కలో చెప్పాలంటే ఓ పెద్ద మండల కేంద్రమంత!

ఊరి నడిబొడ్డున ఉంటుంది కార్న్ ప్యాలెస్. పైన గుమ్మటాలు, మినార్లు చూస్తే ఏ నవాబుగారి కోటో అనుకుంటాం. దగ్గరికెళ్తే గోడల మీద బొమ్మలన్నీ మొక్కజొన్న కంకులే. ఎరుపు, పసుపు, తెలుపు, నీలం, నలుపు... ఇలా రకరకాల రంగుల కంకుల్ని నిలువునా రెండుగా కోసి, మేకులతో కొట్టి బొమ్మలుగా పేరుస్తారు. ‘మా నేల ఎంత సారవంతమైనదో చూడండి’ అని చాటడానికి 1892లో తొలి ప్యాలెస్ కట్టారు. ఇప్పుడున్నది మూడోది, 1921 నాటిది. చలికాలమంతా పిట్టలూ ఉడుతలూ గోడల్ని తింటూనే ఉంటాయి. అందుకే దీన్ని ‘ప్రపంచంలోకెల్లా పెద్ద పిట్టల గూటిపళ్లెం’ అని సరదాగా ఏడిపిస్తుంటారు.

ఫొటోలు దిగి, మొక్కజొన్న పేలాలు కొనుక్కుని, మళ్లీ కారెక్కేస్తారు అందరూ. వేసవిలో వచ్చినవారికి ఊరు అంతవరకే కనిపిస్తుంది. ఇంకో మిచెల్‌ని చూడాలంటే మాత్రం అక్టోబరు దాటాక రావాలి.

నారింజ చొక్కాల కాలం

అక్టోబరు మూడో శనివారం సౌత్ డకోటాలో దాదాపు పండగే. ఫెజెంట్ పక్షుల వేట అందరికీ మొదలయ్యేది ఆ రోజే. మన నెమలికీ కోడికీ దగ్గరి చుట్టమైన ఈ పక్షి చైనా నుంచి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో తెచ్చి వదిలితే మొక్కజొన్న చేలల్లో హాయిగా పెరిగి, 1943 నాటికి ఏకంగా రాష్ట్ర పక్షి అయిపోయింది. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వేటగాళ్లు దిగుతారు. హోటళ్లలో గదులు దొరకవు. కాఫీ దుకాణాలు తెల్లవారకముందే కిటకిటలాడతాయి.

పక్షుల వేటకి షాట్‌గన్ చాలు. నవంబరులో వచ్చే జింకల వేటకి రైఫిల్ కావాలి. మిసోరీ నది సౌత్ డకోటాని నిలువునా రెండు ముక్కలు చేస్తుంది. తూర్పు భాగాన్ని ‘ఈస్ట్ రివర్’, పడమటి భాగాన్ని ‘వెస్ట్ రివర్’ అంటారు. మిచెల్ ఉన్నది తూర్పున. ఇక్కడ రైఫిల్‌తో తెల్లతోక జింకను వేటాడాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. లాటరీలో పేరొస్తేనే అనుమతి. దూరం నుంచి సాటి వేటగాళ్లకు కనపడేలా మెరిసే నారింజ రంగు చొక్కా వేసుకోవాల్సిందే. కొత్తగా నేర్చుకునే పిల్లలకు భద్రతా పాఠాలుంటాయి.

మనవాళ్లకిది వింతగానే ఉంటుంది. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991లో సవరణ జరిగింది. ఆ రెండింటితో వేటకు దాదాపు పూర్తిగా తలుపులు మూసుకున్నాయి. తుపాకీ సంగతి సరేసరి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద తుపాకీకే కాదు, విడిభాగాలకూ లెక్క ఉంది. అమెరికాలో అలాకాదు. ట్రిగ్గరూ బోల్టూ అమరే ప్రధాన భాగాన్నే అక్కడి చట్టం తుపాకీగా చూస్తుంది. మామూలు వేట రైఫిల్‌కి తొడిగే కర్ర భాగం అక్కడ ఉత్త చెక్కసామాను కిందే లెక్క. పోస్టులో తెప్పించుకోవచ్చు. కొన్ని రకాల తుపాకుల స్టాకుల మీద మాత్రం కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి.

ఆ కర్ర భాగాన్నే స్టాకు అంటారు. ‘తుపాకీ మడమతో కొట్టారు’ అని పేపర్లో చదువుతుంటాం కదా. ఆ మడమ స్టాకు చివరి కొస. గొట్టాన్నీ యంత్రాన్నీ మోసేదీ, భుజానికీ చెంపకీ ఆనేదీ, చేతికి పట్టునిచ్చేదీ అదే. ఈ స్టాకులు తయారుచేసి దేశమంతటికీ పంపే ‘బాయిడ్స్’ సంస్థ ఉన్నది మిచెల్‌లోనే. ఒకే ఊళ్లో ఒకపక్క గోడలకు కంకులు తొడుగుతారు, ఇంకోపక్క తుపాకులకు కర్రలు తొడుగుతారన్నమాట!

గొడ్డలి పాతదే... కామ కొత్తది

మన పల్లెల్లో గొడ్డలికి కామ విరిగితే గొడ్డలిని పారేయరు. వడ్రంగి దగ్గరికెళ్లి కొత్త కామ వేయించుకుంటారు. రైఫిల్ కూడా అంతే. బాగా చూసుకుంటే ఉక్కు గొట్టం రెండుమూడు తరాలు నడుస్తుంది. కర్రకి అంత ఆయుష్షుండదు. ట్రిగ్గర్ వెనకాల చెయ్యి పట్టుకునే చోట స్టాకు సన్నగా ఉంటుంది. దానికి పేరే మణికట్టు. గుర్రం మీంచో ట్రక్కులోంచో కిందపడితే మొదట చిట్లేది అక్కడే. మరికొన్నింటిని ప్రేమే పాడుచేస్తుంది! తుప్పు పట్టకూడదని ఏళ్ల తరబడి ధారాళంగా నూనె పోస్తే అదంతా కర్రలోకి ఇంకిపోతుంది. కర్ర నల్లబడి, మెత్తబడి, పేలినప్పుడల్లా తగిలే దెబ్బకు పగుళ్లిస్తుంది.

ఇక్కడి పొలాల ఇళ్లలో ఉండే రైఫిళ్లకు ఒక్కోదానికి ఒక్కో చరిత్ర. కొన్ని ప్రపంచ యుద్ధాల తర్వాత సైన్యం చవగ్గా అమ్మేసినవి. 1898 నాటి జర్మన్ మౌజర్, 1903 నాటి అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటివి. పొడవాటి సైనికపు కర్రను ముందువైపు కోసేసి రైతులు వాటిని వేట తుపాకులుగా మార్చుకున్నారు. ఇంకొన్ని 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 లాంటివి. తాత కొన్నది, తండ్రి వాడింది... ఇప్పుడు పన్నెండేళ్ల మనవడో మనవరాలో చేతికి తీసుకోబోతున్నది. పేచీ వచ్చేది అక్కడే. తాత చెయ్యి పడీపడీ నునుపు తేలిన కర్రను తీసేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అలాగని పగిలినదాన్ని పిల్లల చేతికిస్తే?

చెప్పుల్లాగే... సైజుంటుంది!

స్టాకు ఎంచుకోవడం అనగానే రంగూ నగిషీ అనుకుంటారు చాలామంది. తెలిసినవాళ్లు ముందు టేపు తీస్తారు. ట్రిగ్గర్ నుంచి మడమ చివరికి ఉండే దూరం అన్నిటికన్నా ముఖ్యమైన కొలత. ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి ఎక్కువగా 13.5 అంగుళాల దగ్గర ఉంటాయి. అది మధ్యరకం మగవాడి కొలత. పొట్టిగా ఉండే ఆడవాళ్లకీ పిల్లలకీ ఓ అంగుళమైనా తగ్గాలి. మోచేతిని తొంభై డిగ్రీలకు మడిచి, మోచేతి మడత నుంచి చూపుడువేలి తొలి కణుపు దాకా కొలిస్తే సుమారు లెక్క తెలుస్తుంది. ఇక్కడ ఇంకో మెలికుంది. నవంబరు పొద్దున మిచెల్‌లో నీళ్లు గడ్డకట్టే చలి. వేటగాడు మందపాటి కోటు వేసుకునే ఉంటాడు. అందుకని కొలత తీసుకునేటప్పుడూ కోటు వేసుకునే తీసుకోమంటారు!

రెండో కొలత చెంపది. తాతల కాలంలో గొట్టం మీదుండే చిన్న ఇనుప గుర్తు మీంచి గురి చూసేవారు. కాబట్టి చెంప ఆనే అంచు కిందికి ఉండేది. ఇప్పుడందరూ పైన దుర్భిణిలాంటి స్కోప్ బిగిస్తున్నారు. అది ఎత్తులో ఉంటుంది. పాత స్టాకు మీద చెంప ఆనిస్తే కన్ను అంత ఎత్తుకి రాదు. కొంగలా మెడ సాచాల్సిందే. చెంపకు ఆనిక లేకపోతే గురి నిలవదు. మడమ పొట్టిదైనా, పట్టు సరిగ్గా కుదరకున్నా పేలినప్పుడు స్కోప్ అంచు వెనక్కొచ్చి కనుబొమ మీద గాటు పెడుతుంది. ఆ అర్ధచంద్రం గుర్తు ఉన్నవాళ్లు వేటగాళ్లలో కొత్తేం కాదు.

మూడోది యంత్రం కొలత. ఒకే పేరున్న రైఫిల్లో కూడా పొట్టి తూటాలకు ఒక సైజూ పొడుగు తూటాలకు ఇంకో సైజూ ఉంటాయి. గొట్టం లావు కూడా మారుతుంది. ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ సైజన్నది తెలియకుండా స్టాకు తెప్పించుకోవడమంటే పాదం కొలవకుండా చెప్పులు కొనడమే.

అక్రోటా... అతుకులా... ప్లాస్టిక్కా?

కొలతలు కుదిరాక అసలు ప్రశ్న. దేంతో చేసింది కొనాలి?

మొదటిది అక్రోటు కర్ర. వందల ఏళ్లుగా తుపాకులకు ఇదే రాజు. మన డ్రైఫ్రూట్ దుకాణాల్లో దొరికే కశ్మీరు అక్రోటు చెట్టూ, యూరప్‌లో ఖరీదైన తుపాకులకు వాడే చెట్టూ ఒకటే జాతి. అమెరికాలో పెరిగే నల్ల అక్రోటు దానికి దాయాది. బరువు మరీ ఎక్కువుండదు, దెబ్బకు తేలిగ్గా చీలదు, ఉలికి వెన్నలా లొంగుతుంది. పైగా గోధుమ రంగులో నల్లటి చారలు... చూస్తే కళ్లు తిప్పుకోలేం. కొనేటప్పుడు చారల అందాన్ని కాదు, మణికట్టు దగ్గర పీచు ఎటు పోతుందో చూడాలి. పీచు మణికట్టు పొడవునా సాఫీగా సాగితే గట్టిది. అడ్డంగా కోసుకుపోతే ఎంత అందమున్నా అక్కడే విరుగుతుంది. అక్రోటుకున్న పెద్ద లోపం తేమ. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కర్ర వంగి గొట్టాన్ని ఒత్తితే నిన్న సరిగ్గా కొట్టిన రైఫిల్ ఇవాళ పక్కకు కొడుతుంది. ధర మామూలు చెక్కకి వందల డాలర్లలో ఉంటే, అరుదైన చారల చెక్కతో చేత్తో చెక్కినవాటికి వేలల్లోకి పోతుంది.

రెండోది అతుకుల కర్ర. మన ఇళ్లలో ప్లైవుడ్ ఉంటుందే, దానికి పెద్దన్న. అంగుళంలో పదహారో వంతు మందముండే బిర్చ్ చెక్క పొరలకు రంగులద్ది, జిగురు పట్టించి, విపరీతమైన ఒత్తిడితో దిమ్మగా అతికిస్తారు. ఆ దిమ్మను యంత్రంతో చెక్కుతారు. ఒక పొర వంగుదామన్నా పక్క పొర వంగనివ్వదు. అందుకని తేమకు పెద్దగా లొంగదు. చెక్కిన కొద్దీ పొరల రంగులు అలల్లా తేలతాయి. మిచెల్ నుంచి వెళ్లేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. ఇబ్బందల్లా బరువే. రోజంతా భుజాన వేసుకుని నడిచేవాళ్లకి భారమనిపిస్తుంది. కానీ ఆ బరువే పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బను తగ్గిస్తుంది.

మూడోది ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్ రకం. వానకీ మంచుకీ చలించదు. గీతలు పడ్డా బాధుండదు. ఇప్పుడు ఫ్యాక్టరీల నుంచి వచ్చే వేట రైఫిళ్లలో చాలావాటికి ఇదే ఉంటుంది. ఇందులోనూ రెండు తరగతులు. పొరలుపొరలుగా పేర్చి చేసే ఫైబర్‌గ్లాస్ గట్టిది, ఖరీదెక్కువ. అచ్చులో పోసిన చవక ప్లాస్టిక్ మాత్రం గట్టిగా పట్టుకుంటే వంగుతుంది. లోపల బోలుగా ఉండటం వల్ల కొమ్మ తగిలితే డబ్బాలా మోగుతుంది. ఆ చప్పుడుకి జింక చెవులు రిక్కించిందంటే వేట అయిపోయినట్టే. గడ్డకట్టే చలిలో చెంపకు చల్లగా తగులుతుందని పాతకాలం వాళ్ల ఫిర్యాదు.

డాలరు నోటు పరీక్ష

కొత్త స్టాకు వచ్చింది. రెండు మరలు విప్పి పాతది తీసి, కొత్తది బిగించేస్తే సరిపోతుందా? పోదు. ముందు తుపాకీలో తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఆ తర్వాత కర్రలో యంత్రం కూర్చునే గాడి సరిగ్గా ఉందో లేదో చూడాలి. యంత్రం కింద చిన్న ఉక్కు పలక ఒకటుంటుంది. పేలినప్పుడు వెనక్కొచ్చే దెబ్బంతా దాని ద్వారానే కర్రకు చేరుతుంది. అది గాడిలో కదలకుండా ఆనాలి. తేడా ఉంటే ఎపాక్సీ జిగురు పోసి ఆ ఖాళీని పూడ్చడం పనివాళ్ల పద్ధతి.

గొట్టం సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అది కర్రకి తగలకూడదు! దానికి ఇంటింటా తెలిసిన పరీక్ష ఒకటుంది. గొట్టానికీ కర్రకీ మధ్య డాలరు నోటు పెట్టి, ముందు కొస నుంచి యంత్రం దాకా జరపాలి. ఎక్కడా ఇరుక్కోకుండా సాగితే పాసైనట్టు. కొన్ని పాత రైఫిళ్లలో ముందు కొసన కావాలనే కాస్త ఒత్తిడి ఉంచేవారు కాబట్టి వాటికి ఈ లెక్క వర్తించదు. చివరిగా మరలు సమానంగా బిగించి, షూటింగ్ మైదానానికి వెళ్లి కాగితపు గుర్తు మీద కాల్చి చూసుకోవాలి. కర్ర మార్చాక పాత గురి పనికిరాదు. మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి.

ఇంత తతంగం ఎందుకంటే... తెల్లతోక జింక ఛాతీలో గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు టిఫిన్ ప్లేటంత. తూటా అక్కడ తగిలితే ప్రాణం నిమిషంలోపే పోతుంది. వంద గజాల దగ్గర 3 అంగుళాలు పక్కకు పోయే రైఫిల్ రెండొందల గజాల దగ్గర 6 అంగుళాలు పక్కకు పోతుంది. అప్పుడు తగిలేది గుండెకు కాదు, పొట్టకో కాలికో. ఆ జింక పడిపోదు. నెత్తురోడుతూ మొక్కజొన్న చేలోకి పరుగెడుతుంది. రాత్రంతా ఎక్కడో పడి, నరకం చూసి చస్తుంది. వేటను తప్పుపట్టేవాళ్లకే కాదు, నిజాయతీగల వేటగాడికీ అది మోయలేని బరువు. గాయపడిన జంతువును దొరికేదాకా వెతకాలన్నది అక్కడ పిల్లలకు నేర్పే తొలి పాఠాల్లో ఒకటి. అసలు వెతకాల్సిన అవసరమే రాకుండా చూసుకోవాలన్నది అంతకన్నా ముందు పాఠం. కుదరని కర్రతో కాల్చడమంటే ఆ పాఠాన్ని మర్చిపోవడమే.

అటకెక్కిన జ్ఞాపకం

మరి తాతగారి కర్ర సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పే మాట ఒకటే. దాన్ని కొయ్యొద్దు, పారెయ్యొద్దు. మనవడి చేతులు పొట్టివని పాత మడమను రెండంగుళాలు కోసేసిన ఇళ్లున్నాయి. నాలుగేళ్లు తిరిగేసరికి పిల్లాడు తండ్రిని మించి ఎదిగాడు. కోసిన కర్ర మళ్లీ పెరగదుగా! అదే కొత్త స్టాకైతే, మడమ దగ్గర పలకలు చేర్చి పొడవు పెంచుకునేవీ దొరుకుతాయి. పిల్లాడితో పాటే కర్రా పెరుగుతుంది.

డబ్బు లెక్కలో చూసినా పాతదాన్ని దాచడమే తెలివి. 1964కి ముందు తయారైన వించెస్టర్ మోడల్ 70 లాంటి వాటిని సేకరించేవాళ్లున్నారు. అసలు కర్ర ఉంటే ఒక ధర, లేకపోతే ఇంకో ధర. సన్నని పగులైతే జిగురూ పుల్లా వేసి బాగుచేసే పనివాళ్లున్నారు. బాగుచేయలేనంతగా చెడితే గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకోవడమే. కర్ర మీద ఏ గంటు ఏ చలికాలంలో పడిందో చెప్పడానికి తాత లేకపోయినా, ఆ గంటు ఉంటుంది. వేటకెళ్లేది మాత్రం కొత్త కర్రతోనే. తాత మీద గౌరవం అటక మీద ఉంటుంది, జింక మీద గౌరవం భుజాన ఉంటుంది.

ఈ మాట మిచెల్ వాసులకు విడమరిచి చెప్పక్కర్లేదేమో. ఊరి నడుమ ప్యాలెస్ కేసి చూస్తే చాలు. పిట్టలు తినగా మిగిలిన కంకుల్ని ఊడబీకి, దాదాపు ఏటా కొత్త బొమ్మలు పేరుస్తారు. ఏ ఏడు బొమ్మ ఆ ఏడుదే. అయినా అది వేరే ప్యాలెస్ అని ఎవరూ అనరు. లోపలి గోడలు 1921 నాటివే కదా!